వాడేసిన యాసిడ్ వాగులోకి పోకుండా

పరిశ్రమల మురుగును శుద్ధిచేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది. శుద్ధి చేశాక మిగిలిన మందు అది! శుద్ధికి ఖర్చు తడిసి మోపెడవుతోందని పరిశ్రమలు ఇప్పటికీ అంటున్నాయి. ఖర్చు తగ్గించే దారి వాటి చెత్తలోనే ఉంది.

ఇనుప సామానుకు పట్టిన తుప్పు వదలగొట్టడానికి హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో ముంచుతారు. కొన్నాళ్లకు ఇనుము కరిగి యాసిడ్ ఆకుపచ్చగా మారుతుంది, ఇక పనికిరాదు. దాన్ని వదిలించుకోవాలంటే యూనిట్ యజమాని ఎదురు డబ్బు కట్టాలి. కట్టలేని చోట రాత్రిపూట ట్యాంకర్ నాలా వెతుక్కుంటుంది. ఆ ద్రవాన్నే క్లోరిన్‌తో ఆక్సీకరిస్తే ఫెర్రిక్ క్లోరైడ్ వస్తుంది. మురుగులోని సన్నటి మడ్డిని గడ్డకట్టించి అడుక్కి దించే రసాయనమిది. శుద్ధి కేంద్రాలు దీన్ని డబ్బు పెట్టి కొంటాయి. ఒకరు పారబోసేది ఇంకొకరు కొనుక్కుంటుంటే మధ్యలో బలవుతున్నది పటాన్‌చెరు పక్క పారే నక్కవాగు, దాని కింది పొలాలు.

థర్మల్ కేంద్రాల బూడిదదీ ఇదే కథ. కాస్టిక్ సోడాతో వేడిచేస్తే అది జియోలైట్‌గా, అంటే సన్నటి రంధ్రాలున్న ఖనిజంగా మారి సీసం, రాగి, అమ్మోనియాలను పట్టేస్తుంది. ఉక్కు కొలిమిలో మిగిలే చిట్టెం (స్లాగ్)లోని సున్నం ఆమ్లజలాలను విరుస్తుంది.

అలాగని ఏ చెత్తనైనా మందని నమ్మలేం. బూడిదలోనే ఆర్సెనిక్, పాదరసం ఉంటాయి. జింకు పూత పనుల యాసిడ్‌లో జింకు, సీసం దిగుతాయి. లోహాలు పీల్చుకున్న బూడిద చివరికి ఏ గుంతలోకి పోతోందో తెలియకపోతే నీటిలోని విషాన్ని నేలకు మార్చినట్టే. పైగా యాంటీబయాటిక్‌ల సంగతి బూడిదతో తేలదు, వాటిని పుట్టినచోటే, కంపెనీ లోపలే ఆపాలి.

ఒక పరిశ్రమ వ్యర్థాన్ని మరొకటి వాడుకోవడానికి 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో వీలిస్తున్నాయి. మండలి దరఖాస్తుల కోసం కూర్చోకుండా తానే ముందుకు రావాలని కోరుతున్నాం. బాలానగర్, జీడిమెట్లలో ఏ యూనిట్‌లో ఎంత యాసిడ్ మిగులుతోందో లెక్క తీయాలి. తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రవేత్తల సాయం తీసుకోవాలి. ప్రతి లోడునూ పరీక్షించాకే శుద్ధి కేంద్రంలోకి రానివ్వాలి. ఆ ఫలితాలను, వాడిన బూడిద ఎక్కడికి చేరిందన్న వివరాలను వాగు పక్క ఊళ్ల పంచాయతీ కార్యాలయాల్లో నెలనెలా తెలుగులో అంటించాలి.