బూబా వంశానికి తల్లులు లేరా?

దక్షిణాఫ్రికాలోని లింపోపో రాష్ట్రంలో వెండా అనే జాతి వాళ్ళ మధ్య, వెండా భాషే మాట్లాడుతూ బతికే లెంబా జాతి వాళ్ళ గురించి చదివినవాళ్ళకు ఒక్క సంగతే గుర్తుంటుంది: ‘తప్పిపోయిన యూదులు’. పంది మాంసం ముట్టరు, సున్తీ చేస్తారు, సముద్రం దాటి సేనా అనే చోటు నుంచి వచ్చామంటారు. ఇదంతా తెలిసిన కథే. నా పేచీ ఆ తర్వాతి తంతుతో.

2000లో లెంబా మగవాళ్ళ వై క్రోమోజోములను పరిశీలించిన శాస్త్రవేత్తలకు, యూదు పురోహిత వంశాల్లో ఎక్కువగా కనిపించే గుర్తు లెంబాల్లోని బూబా వంశంలో దొరికింది. తమను నడిపించి తెచ్చాడని లెంబాలు చెప్పుకునే మూలపురుషుడి పేరే బూబా. పరీక్షించిన బూబాలు 13 మంది, గుర్తున్నవాళ్ళు ఏడుగురు. ఆ ఏడుగురి మీద పత్రికలు ఓ జాతి చరిత్రనే నిలబెట్టేశాయి. మరి మిగతా ఆరుగురు బూబాలు కారా? 2013లో జన్యుశాస్త్రవేత్త హిమ్లా సూడ్యాల్ మరిన్ని గుర్తులతో సరిచూస్తే, పరాయి మూలమున్న తండ్రులు యూదులేనని తేలలేదు. ఆ వార్త ఎవరికి పట్టింది?

బయటి నుంచి మగవాళ్ళు వచ్చారన్న లెంబాల నోటిమాటకు బలం దొరికింది కదా అంటారు. దొరికింది, కాదనను. పుక్కిటి పురాణమన్నవాళ్ళకు అది చెంపపెట్టే.

కానీ వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కే వెళ్తుంది. పది తరాలు వెనక్కి వెళితే పూర్వీకుల స్థానాలు 1,024. ఆ పరీక్షకు కనబడేది అందులో ఒక్కడు. తల్లుల నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూస్తే పశ్చిమాసియా ఊసే లేదు, అంతా ఆఫ్రికా ఆడపడుచులే. కట్టుబాటూ అదే చెబుతుంది: బయటి మగవాణ్ణి అల్లుడిగా రానివ్వరు, బయటి పిల్లను మాత్రం శుద్ధి చేసి, తిండి నియమాలు నేర్పి కోడలిగా తెచ్చుకుంటారు. లెంబా కుండలకు వెండా ఊళ్ళలో మంచి పేరు. ఆ మట్టి పిసికి, కుండ చేసి, కాల్చింది ఆడవాళ్ళు. వంశకథలో మాత్రం బూబా ఒక్కడే నడిచొస్తాడు.

మనిషికి జాతి చీటీ అంటించే పని అక్కడ కొత్త కాదు. 1950 జనాభా నమోదు చట్టంతో వర్ణవివక్ష ప్రభుత్వం చేసింది అదే. 1979లో అదే ప్రభుత్వం వెండా వాళ్ళ ప్రాంతాన్ని ‘స్వతంత్ర’ దేశమని ప్రకటించినప్పుడు లెంబాలకు విడిగా గుర్తింపు ఇవ్వలేదు. ఆ గుర్తింపు వాళ్ళ హక్కు. దానికి డీఎన్‌ఏ పరీక్ష కోసం దూదిపుల్లతో చెంప గీకించుకుని రమ్మనడం ప్రిటోరియాలోని ఆ ప్రభుత్వ గుమాస్తాల పాత పద్ధతే, కాకపోతే ఈసారి తెల్లకోటు వేసుకుంది.