గొంతు మీద గుర్తు లేకపోయినా రాయించండి

మాజీ సైనికులు భార్యల్ని కొట్టడానికి యుద్ధం మిగిల్చిన మానసిక గాయాలే కారణమన్నట్టు ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. అది సగమే నిజం. పీడకలలో ఉలిక్కిపడి చెయ్యి విసరడం వేరు. ఫోన్ లాక్కోవడం, పెన్షన్ ఖాతా ఏటీఎం కార్డు దాచెయ్యడం, పుట్టింటికి పోనివ్వకపోవడం వేరు. మొదటిదానికి వైద్యం కావాలి. రెండోది పెత్తనం, మందులతో పోదు. అలాంటి ఇంట్లో ఇద్దర్నీ కలిపి కూర్చోబెట్టి కౌన్సెలింగ్ చేయించకండి. అక్కడ ఆమె నోరు విప్పినందుకు ఇంటికొచ్చాక దెబ్బలు తింటుంది.

అన్నిటికన్నా ప్రమాదం గొంతు నులమడం. పైకి గుర్తు కనపడకపోవచ్చు. గొంతు బొంగురుపోయినా, మింగుతుంటే నొప్పేసినా, కంట్లో సూదిమొనంత ఎర్రచుక్కలు కనిపించినా వెంటనే ఆసుపత్రి క్యాజువాలిటీకి (విశాఖలో అయితే కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ ఆసుపత్రికి) వెళ్ళి, "గొంతు పిసికాడు" అన్న మాటే కేసు షీట్‌లో రాయించండి. "జారిపడ్డాను" అన్నారా, రేపు కోర్టులో అదే అడ్డం తిరుగుతుంది.

సెక్యూరిటీ ఉద్యోగం కోసం తుపాకీ లైసెన్స్ తీసుకున్న మనిషైతే ఆ సంగతి పోలీసులకు ముందే చెప్పాలి. ఆయుధాల చట్టం సెక్షన్ 17 కింద లైసెన్స్ సస్పెండ్ చెయ్యొచ్చు.

కేసు పెడితే పెన్షన్ ఆగిపోతుందని భయపడి వెనక్కి తగ్గేవాళ్ళున్నారు. 2005 గృహహింస చట్టం సెక్షన్ 12 దరఖాస్తు జైలుకు పంపమని కాదు. రక్షణ, ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులు ఇప్పించమని. రక్షణ ఉత్తర్వు మీరితే అప్పుడు నేరం: ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చూపిస్తారు. ఇల్లు వదలాల్సొస్తే పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నకలు, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు చేతిలో ఉండాలి.