ఒక్క ఫొటో ఏ జీవినైనా కాపాడిందా అంటే...

“అడవి జంతువుల ఫొటోలు తీయడం డబ్బున్నవాళ్ళ సరదా. పక్షులు బెదిరిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఒక్క ఫొటో ఏ జీవినైనా కాపాడిందా?” విశాఖలో మా అపార్ట్‌మెంట్ గ్రూపుకి ఈ మెసేజ్ ఈ నెలలోనే మూడుసార్లు వచ్చింది. కింద వరసగా ‘నిజమే సార్’లు. నాకు మాత్రం కష్టంగా అనిపించింది, అందుకే ఒక్కో మాటకీ జవాబు చెబుతున్నాను.

డబ్బున్నవాళ్ళ సరదానా? మొన్న ఆదివారం, సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ, మా అక్క కూతుర్ని తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాను. దాని చేతిలో ఉన్నది వాళ్ళమ్మ పాత ఫోను. రాళ్ళ గుంటలో నిలిచిన నీళ్ళలో ఖాళీ శంఖాన్ని వీపున మోస్తూ ఒక చిన్న పీత. మన నీడ పడగానే కాళ్ళు లోపలికి లాగేసుకుంటోంది. పిల్ల నీడ పడకుండా పక్కకి జరిగి, మోకాళ్ళ మీద కూర్చుని, పావుగంట ఆగి ఒక్క ఫొటో తీసింది. తర్వాత జేబులోంచి అంతకుముందు ఏరుకున్న శంఖాలన్నీ తీసి అక్కడే పెట్టేసింది. “వీటికి ఇళ్ళు కావాలి కదా పిన్నీ” అంది. దానికి అంతకుముందు నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కని మాట అది.

పక్షులు బెదిరిపోతాయన్నది కొంతవరకు నిజం. గూటికి అడ్డొచ్చిన కొమ్మలు విరిచేవాళ్ళున్నారు. తల్లి ఎగిరిపోతే గుడ్లు ఎండకో కాకులకో పోతాయి. మన తీరంలో గుడ్లు పెట్టడానికి రాత్రి ఒడ్డెక్కే ఆలివ్ రిడ్లీ తాబేలు మీద ఫ్లాష్ కొడితే అది వెనక్కి తిరిగిపోవచ్చు. అలా తీసిన ఫొటోలకి లైకు కొట్టకండి, నేనూ కొట్టను. కానీ పక్షులు చేరే కొండకర్ల ఆవ అనే చెరువులో తాటిదోనె మీద దూరంగా, కదలకుండా కూర్చుని తీసేవాళ్ళనీ అదే గాటన కట్టడం అన్యాయం.

ఇక అసలు ప్రశ్న, ఫొటో కాపాడిందా అని. అమెరికాలోని యోసెమిటీ లోయను కార్ల్‌టన్ వాట్కిన్స్ 1861లో పెద్ద పెద్ద గాజు పలకల మీద ఫొటోలు తీశాడు. ఆ లోయను ఎన్నడూ చూడనివాళ్ళకి దాన్ని చూపించింది ఆ ఫొటోలే. 1864లో దాన్ని కాపాడే చట్టం మీద లింకన్ సంతకం చేశారు. ఫొటోల వల్లే అయిందని అనను, అవి లేకుండా అయ్యేదనీ అనుకోను.

అంత దూరం ఎందుకు, 2021 డిసెంబరులో మన తంతడి బీచ్ దగ్గర మత్స్యకారుల వలలో వేల్ షార్క్ పడింది. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప, చట్టం రక్షణ ఉన్న జీవి. మత్స్యకారులూ అటవీశాఖ వాళ్ళూ కలిసి దాన్ని మళ్ళీ సముద్రంలోకి పంపారు. దాని ఫొటోలు మాల్దీవుల్లోని పరిశోధకులకి వెళ్ళాయి. మన వేలిముద్రల్లాగే ఈ చేప ఒంటి మీది తెల్ల మచ్చలు ఏ రెండింటికీ ఒకేలా ఉండవు. అది ఇంకెక్కడో ఎవరి కెమెరాకైనా చిక్కితే, మన తంతడి మత్స్యకారులు సాగనంపినది ఇదేనని గుర్తుపట్టేది ఆ మచ్చల ఫొటో చూసే.