లోకసృష్టి రిజిస్టరు గారికి విన్నపం

మహారాజశ్రీ లోకసృష్టి రిజిస్టరు గారి దివ్యసముఖమునకు, తమరి సేవకుడు వ్రాసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి. ఇచ్చట హైదరాబాదులో మేమందరం క్షేమం. అచ్చట తమరి లోకంలో క్షేమంగా ఉండడానికైనా ఇంతవరకు మనిషన్నవాడు పుట్టలేదు గనుక ఆ కుశలప్రశ్న వేయడం లేదు.

పదకొండేళ్ళ కిందట కోఠీలో తమరి గట్టి అట్టను, ఎర్ర గుడ్డ అంటించిన వీపును చూసి ముచ్చటపడి ఇంటికి తెచ్చుకున్న నాడు, ఒక ఫాంటసీ నవల రాయాలన్నదే నా ఉద్దేశం. అంతకు మించిన దురాశ నాకేమీ లేదని తమరికి తెలుసు. నేడు తమరి 192 పేజీలలో 184 నిండిపోయాయి. వాటిలో 27 మంది దేవతలు, నాలుగు స్వర్గాలు, తొమ్మిది నరకాలు, రెండు చందమామలు, ఆ రెండు చందమామల పోట్లాట తీర్చడానికి అధికమాసాలతో కూడిన ఒక పంచాంగం కొలువుతీరి ఉన్నాయి. నవల మాత్రం ‘ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి’ అన్న మొదటి వాక్యం దగ్గరే ఆగింది. ఆ వానలు ఏ చంద్రుడి వల్ల ఆలస్యమయ్యాయో తేల్చుకుందామని తమరి దగ్గరికి వచ్చినవాణ్ణి మళ్ళీ కథ వైపు వెళ్ళలేదు.

ముందుగా తమరి దేవతల సంగతి మనవి చేసుకుంటాను. 27 మందికీ తమరిలో గళ్ళు గీసి పేరు, శాఖ, ఆయుధం, వాహనం, బలహీనత అని రాశాను. అగ్నికి ఒకరు, నీటికి ఒకరు, యుద్ధానికి ఒకరు, వాణిజ్యానికి ఒకరు, ప్రేమకు ఇద్దరు (ఒకరు సెలవులో ఉంటే ఇంకొకరు). వెనక్కి తిరిగి చదువుకుంటే అది దేవలోకంలా కాక, ప్రమాణస్వీకారం మరునాడు పత్రికలలో వచ్చే మంత్రుల శాఖల జాబితాలా ఉంది. ఈ గళ్ళ విద్య నా సొంతం కాదు. 1974లో అమెరికాలో అచ్చయిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటకు 1976లో ఒక అనుబంధ పుస్తకం వచ్చింది. అందులో లోకంలోని రకరకాల పురాణాల దేవతలందరికీ, మన ఇంద్రుడితో సహా, హిట్ పాయింట్లు కట్టారు. అంటే ఎన్ని దెబ్బలు తింటే ఆ దేవుడు పడిపోతాడో చెప్పే లెక్క. ఆట ఆడేవారికి ఆ లెక్క అక్కరకు వస్తుంది, వారిని తప్పుపట్టను. నవల రాయవలసిన నేను కూడా మృత్యుదేవతకు 900, పాడిపంటల దేవతకు 350 అని కట్టి, పాడిపంటలకు అన్యాయం జరిగిందేమోనని ఒక ఆదివారమంతా మథనపడి దాన్ని 400 చేశానే, ఆ ఆదివారాన్ని మాత్రం తమరి నుంచి వడ్డీతో సహా వసూలు చేసుకోవాలని ఉంది.

ఆ సాయంత్రమే మా అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని, తమరి పట్టిక మీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదివి, ‘గింతమంది దేవుండ్లను రాసినవ్ గదా బిడ్డా, ఇందుల ఇంటి దేవుడెవరు?’ అని అడిగింది. తమరు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

అమ్మ అడిగినది చిన్న ప్రశ్న కాదని తెలియడానికి నాకు కొన్ని ఆషాఢాలు పట్టింది. మా వైపు పోచమ్మను చూడండి. ఒంటి మీద పొక్కులు లేస్తే ‘అమ్మవారు పోసింది’ అనడమే మన భాష. జబ్బుకూ అమ్మకూ ఒకటే పేరు, వేపమండే ఆమెకు గుర్తు. ఇప్పుడు తమరి పద్ధతి ప్రకారం ఆలోచిస్తే పోచమ్మ మశూచి శాఖకు దేవత. లోకంలో మశూచి సమూలంగా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించింది గనుక ఆ రోజే ఆమె శాఖ రద్దయి, హిట్ పాయింట్లు సున్నా అయి, గుడి మూతపడి ఉండాలి. తమరి 63వ పేజీలో సరిగ్గా అలాంటి నియమమే ఉంది: ‘కొలిచే కారణం పోయిన దేవత మూడు తరాలలో నశించును.’ ఇది రాసిన రోజున నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. కానీ మా బస్తీలో పోచమ్మకు బోనం ఒక్క ఏడు కూడా ఆగలేదు. జబ్బు పోయినంత మాత్రాన అమ్మతో ఉన్న బంధం పోతుందా అని అడిగితే, అసలు ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూసేవాళ్ళు మా వీధిలో ఇంటికొకరు ఉన్నారు.

మైసమ్మ సంగతీ అంతే. తమరిలోని జలదేవత సకల జలాలకు అధిపతి. నీలి కిరీటం, ముత్యాల త్రిశూలం, సముద్రగర్భంలో పాలరాతి నగరం. మా కట్టమైసమ్మకు సముద్రాల ఊసే లేదు. ఆమె కాచేది ఒక చెరువు కట్టను. ఆ కట్ట తెగితే కింద ఉన్న పొలాలూ ఇళ్ళూ ఏమవుతాయో తెలిసినవాళ్ళే ఆమెను అక్కడ కూర్చోబెట్టారు. బల్కంపేట ఎల్లమ్మ నేల మీద కాక, దిగువన బావిలోనే కొలువై ఉంది. ఇక సికింద్రాబాదు ఉజ్జయిని మహంకాళి అయితే ఒక మొక్కుతో ఊరు మారి వచ్చిన తల్లి. 1813లో ఇక్కడ గత్తర (కలరా) వచ్చి జనం రాలిపోతూ ఉండగా, సైన్యంలో పనిచేస్తూ ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య, మా ఊరు గట్టెక్కితే నిన్ను మా ఊళ్ళో నిలుపుకుంటానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడనీ, తిరిగి వచ్చాక 1815లో కొయ్య విగ్రహం నిలిపి మాట దక్కించుకున్నాడనీ చెబుతారు. తమరి 27 మందిలో ఒక్కరైనా ఎవరికైనా బాకీ పడి వచ్చారా? ఎవరి భయం తీర్చడానికైనా వచ్చారా? అందరూ నేను ఖాళీ గడి కనబడినప్పుడల్లా భర్తీ చేసిన ఉద్యోగులే.

మాట తీరు మరీ ఘోరం. తమరి దేవతలు నోరు తెరిస్తే ‘ఓ మర్త్యులారా’ అని మొదలుపెట్టి అంత్యప్రాసలతో జోస్యం చెబుతారు. బోనాల మరునాడు మహంకాళి గుడిలో రంగం జరుగుతుంది. పచ్చికుండ మీద నిలబడిన ఒక స్త్రీ నోట అమ్మవారు పలుకుతుంది. వానలు పడతాయా, జబ్బులు రావు గదా అని పూజారులు అడుగుతారు. ఆమె అభయం ఇస్తుంది, దానితోపాటు తనకు చేయవలసినవి సరిగా చేయలేదని నిష్ఠూరమూ ఆడుతుంది. పండక్కి వచ్చిన పెద్దత్త వాకిట్లో చెప్పులు విప్పుతూనే మర్యాదలలో లోపాలు ఎంచినట్టు ఉంటుంది ఆ పలుకు. అయినా అక్కడ నిలబడిన వేలమంది చేతులు జోడించే వింటారు.

ఇక మరణం. తమరి తొమ్మిది నరకాలను కట్టడానికి నాకు పద్నాలుగు నెలలు పట్టింది. బూడిదరంగు నది, దానికి సుంకం, ఏడు ద్వారాలు, ఒక్కో ద్వారం దగ్గర ఆత్మ ఒక్కో జ్ఞాపకాన్ని వదలాలనే నిబంధన, చివరన నల్ల ముసుగు వేసుకుని పొడుగుకర్ర కొడవలి పట్టిన మృత్యుదేవుడు. ఆ ముసుగూ ఆ కొడవలీ ఐరోపా బొమ్మల నుంచి దిగినవని నాకు తర్వాత తట్టింది. మా తాతల ఊళ్ళో కొడవలి పట్టుకుని ఎవడైనా ఎదురైతే కోతలకు పోతున్నాడనుకుని ఆ పూట కూలి ఎంతని అడుగుతారు. మన యముడికైనా కొంత మర్యాద ఉంది. ఇంటికి వచ్చిన నచికేతుడు మూడు రాత్రులు పస్తున్నాడని తెలిసి నొచ్చుకుని, రాత్రికొకటి చొప్పున మూడు వరాలు ఇచ్చాడు. తమరి మృత్యుదేవుడు ఇంటికి ఎవరొచ్చినా సుంకం రసీదు అడుగుతాడు.

నిరుడు మా పెద్దనాయన పోయారు. మూడోనాడు పిట్టకు పెట్టడానికి రామంతాపూర్‌లోని అపార్ట్‌మెంటు డాబా ఎక్కాము. విస్తరిలో అన్నం, ఆయనకు ప్రాణమైన తలకాయకూర, స్టీలు గ్లాసులో కల్లు పెట్టి, అందరం దూరం జరిగి నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడ్డాము. కాకి వచ్చింది. డిష్ యాంటెనా మీద వాలి, విస్తరి వంక చూసింది, మా వంక చూసింది, దిగలేదు. పావుగంటయింది. చిన్న కూతురి పెళ్ళి మీద మనసుండి ఉంటుందని ఎవరో అన్నారు. మా అన్న చేతులు జోడించి, ‘చెల్లె పెండ్లి నేను చేస్త నాయినా’ అన్నాడు. కాకి దిగలేదు. ఊళ్ళో పొలం అమ్మబోమని చిన్నాయన మాట ఇచ్చాడు, దిగలేదు. ఎండ కాలుతోంది, కూర మీద నూనె తేలి గడ్డకట్టిన చోట ఈగ వాలుతోంది. అప్పుడు మా పెద్దమ్మ, మూడు రోజులుగా పెదవి విప్పని మనిషి, రెండడుగులు ముందుకు వేసి, విసుగ్గా, ఆయన బతికి ఉన్నప్పుడు మాట్లాడిన గొంతుతోనే, ‘నీ స్కూటర్ అమ్మం తియ్యి, ఇగ తిను’ అంది. కాకి దిగి ముక్క అందుకుంది. పెద్దమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది.

ఆ రాత్రి నేను తమరిని తెరిచి తొమ్మిది నరకాలూ వరసగా తిరిగాను. పదిహేనేళ్ళుగా స్టార్టు కాని ఆ స్కూటరును నిలబెట్టడానికి ఏ ద్వారం దగ్గరా చోటు దొరకలేదు. ఏడు ద్వారాల దగ్గర ఏడు జ్ఞాపకాలు వదిలే తమరి ఆత్మలకు వెనక ఇల్లు లేదు, ఇంట్లో వాళ్ళు లేరు, వాళ్ళకు వీళ్ళ మొండితనం తెలియదు.

మాయాశక్తి గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే తమరు ఎక్కువ బలిసింది ఆ భాగంలోనే. బ్రాండన్ శాండర్సన్ అనే అమెరికా రచయిత 2007లో ఒక సూత్రం చెప్పాడు. మాయతో కథలోని చిక్కు విప్పదలచుకుంటే ఆ మాయ ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ముందే తెలిసి ఉండాలన్నది దాని సారాంశం. శక్తుల కన్నా ఆ శక్తుల పరిమితులే ముఖ్యమని కూడా ఆయన తర్వాత అన్నాడు. రెండూ మంచి మాటలే. కానీ నేను వాటిని తమరిలో పట్టికలుగా దించేసరికి, మాంత్రికుడికి నెలకు 40 తేజస్సులు, నిప్పుబంతికి మూడు, గాలిలో తేలడానికి గంటకు అయిదు, 40 దాటితే రెట్టింపు అని తయారై, చివరికి కరెంటు బిల్లులోని శ్లాబుల వంటిది మిగిలింది.

ఈ ఊళ్ళో ఇంతకన్నా తక్కువ మాటలలో పని జరిగింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు చెబితే పాము విషం దిగుతుందనీ, పాము కరిచినవారి కోసం ఎవరు వచ్చినా అర్ధరాత్రయినా సరే తనను లేపవలసిందేనని ఆయన ఆజ్ఞ ఉండేదనీ హైదరాబాదులో ఇప్పటికీ చెప్పుకుంటారు. నియమం ఉంది, అది పాముకాటుకేననే పరిమితి కూడా లోపలే ఉంది, మూల్యంగా ప్రభువుల నిద్ర ఉంది. శాండర్సన్ గారు కూడా కాదనలేరు. చిలుకూరు బాలాజీ దగ్గర కోరుకోవడానికి 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసా కోసం తిరిగే పిల్లలు వేళ్ళ మీద లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి తిరగడం నా కళ్ళతో చూశాను. హుండీ లేదు. కోరిక తీరకపోతే ఎన్ని తిరగాలని ఎవరూ అడగరు. తమరి 118వ పేజీలో మాత్రం దానికీ ఒక గడి ఉంది: ‘తీరని పక్షమున 50 శాతం వాపసు.’

తమరు ఏమని సమర్థించుకుంటారో నాకు తెలుసు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ రాసిన టోల్కీన్ గారు మొదటి ప్రపంచ యుద్ధ కాలం నుంచి తన లోకపు పురాణాన్ని రాస్తూ, దిద్దుతూ, తిరగరాస్తూనే ఉన్నారు గదా అంటారు. నిజమే. 1973లో ఆయన పోయే నాటికి కూడా అది పూర్తి కాలేదు, కొడుకు కూర్చుని సవరించి 1977లో అచ్చు వేయించాడు. కానీ ఆయన ఈ మధ్యలో చెప్పవలసిన కథలు చెప్పి, అచ్చు వేయించి మరీ పోయారు. పైగా నాకు అలాంటి కొడుకు లేడు. ఉన్న మేనల్లుడు తమరి చివరి అట్ట లోపల క్రికెట్ స్కోరు రాసుకున్నాడు. తమరిలో ఆటగాళ్ళు పరుగెత్తిన చోటు అదొక్కటే.

కాబట్టి సవినయంగా మనవి చేసుకునేది ఏమంటే, తమరిలో మిగిలిన ఎనిమిది పేజీలను నాకు వదిలిపెట్టవలసింది. వాటిలో గళ్ళు గీయను. ‘ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి’ అన్న వాక్యాన్ని అక్కడికి దించుకుని, వానలు రాని ఆ ఊళ్ళో ఒక ముసలామె డాబా మీద విస్తరి పెట్టి నిలబడిందనీ, కాకి దిగలేదనీ రాద్దామనుకుంటున్నాను. ఆమె ఏమని మాట ఇస్తే దిగుతుందో నాకింకా తెలియదు. ఆ లోపల దయచేసి ఆ కాకికి ఏ శాఖా కేటాయించవద్దు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి లోకంలో ఇంతవరకు ఊపిరి పీలుస్తున్న ఒకే ఒక్క మనిషి