సొరుగులో పుస్తకం, పేస్లిప్పులో పేరు

మా మేనల్లుడికి క్యాంపస్‌లో మారియట్ హోటళ్ళ వాళ్ళ ఇంటర్వ్యూ ఉందని తెలిసిన సాయంత్రమే చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ ఊడిపడింది. అందులో ఉన్నది ఇదీ: మారియట్ అమెరికాలో మార్మన్లనే క్రైస్తవ శాఖవాళ్ళ చర్చి సొత్తు. పై పదవులు వాళ్ళ మతం వాళ్ళకే. మద్యం జోలికి పోనివ్వరు. జీతంలో పదో వంతు చర్చికి కట్ చేస్తారు. గదిగదికీ వాళ్ళ గ్రంథం పెట్టి మతం మార్పిస్తారు. మా అక్క ఫోన్ చేసి, "ఒరేయ్, వీణ్ణి పంపమంటావా, వద్దంటావా?" అంది. నేను పదకొండేళ్ళు ఫ్రంటాఫీసులో నిలబడ్డవాణ్ణి. ఆ కంపెనీలో కాదు, కానీ అదే వృత్తి.

మొదటి మాట, చర్చి సొత్తని. సంస్థ పెట్టిన జె. విల్లర్డ్ మారియట్ యూటాలో పుట్టిన మార్మన్. మతప్రచారానికి రెండేళ్ళు తిరిగొచ్చినవాడే. 1927లో వాషింగ్టన్‌లో తొమ్మిది సీట్ల రూట్‌బీర్ కొట్టు పెట్టాడు. పేరులో బీరున్నా అది మత్తులేని పానీయం. చలికాలం రాగానే చల్లటి గ్లాసు అడిగేవాడు లేకపోయాడు. దాంతో వేడివేడి మెక్సికన్ వంటకాలు మొదలుపెట్టి 'హాట్ షాప్స్' అని పేరు మార్చారు. మొదటి హోటల్ 1957లో వర్జీనియాలో వచ్చింది. ఇవాళ అది అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో లిస్టయిన కంపెనీ. డబ్బుంటే మీరూ షేర్లు కొనొచ్చు. ఉడిపి హోటలాయన పొద్దున్నే కృష్ణుడి పటానికి హారతిస్తాడు. అంతమాత్రాన ఆ హోటలు మఠానిదైపోతుందా?

పై పదవుల సంగతి. 2012లో సీఈఓ అయిన ఆర్నీ సోరెన్సన్ ఆ కుర్చీలో కూర్చున్న తొలి బయటివాడు. టోక్యోలో లూథరన్ మిషనరీల ఇంట పుట్టాడు. ఆయన 2021లో పోయాక వచ్చిన ఆంథనీ కాపువానో కూడా ఆ కుటుంబం మనిషి కాదు. బోర్డు ఛైర్మన్ పదవి మాత్రం 2022లో మళ్ళీ మనవడు డేవిడ్ మారియట్‌కి వెళ్ళింది. దాన్ని వారసత్వం అంటే సరేనంటాను. మతం అంటే ఒప్పుకోను.

ఈ పుకారుకి ఒక మూలం ఉండొచ్చు. సాల్ట్ లేక్ సిటీలో చర్చి స్వయంగా నడిపే వ్యాయామశాలలో ఒక ఉద్యోగిని, చర్చి నియమాలకు తగ్గట్టు లేడని తీసేశారు. 1987లో అమెరికా సుప్రీంకోర్టు చర్చి పక్షానే తీర్పిచ్చింది. కానీ ఆ మినహాయింపు మతసంస్థలకే. లాభం కోసం నడిచే హోటల్ కంపెనీ ఉద్యోగిని మతం చూసి తీసేస్తే అక్కడి 1964 పౌరహక్కుల చట్టం ఊరుకోదు. రెండూ 'మార్మన్లవే' కదా అని జనం ఒకే గాటన కట్టేశారనుకుంటాను.

మద్యం మాటకి జవాబే అక్కర్లేదు, చాలా మారియట్‌లలో అడిగితే బార్ మెనూ ఇస్తారు. మార్మన్లు కాఫీ, టీ కూడా తాగరు. లాబీలో మాత్రం రెండూ ఇస్తారు, బిల్లూ వేస్తారు.

గ్రంథం మాట నిజం. మంచం పక్క సొరుగు లాగితే చాలా చోట్ల బైబిల్ పక్కనే 'బుక్ ఆఫ్ మార్మన్' కనిపిస్తుంది. స్టార్‌వుడ్ అనే హోటల్ కంపెనీని 2016లో కొన్నాక, దాని బ్రాండ్లయిన షెరటన్, వెస్టిన్ గదులకీ ఈ పద్ధతి తెచ్చారు. మతం వాసన లేదని నేనూ అనను. కానీ హౌస్‌కీపింగ్ పిల్లకి ఆ పుస్తకంతో ఉన్న సంబంధమల్లా దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెట్టడం. 2008లో కాలిఫోర్నియాలో స్వలింగ వివాహాలకు వ్యతిరేకంగా చర్చి ప్రచారానికి దిగినప్పుడు, అప్పటి ఛైర్మన్ బిల్ మారియట్, తాను గానీ కంపెనీ గానీ ఆ ప్రచారానికి చందా ఇవ్వలేదని బహిరంగంగా రాశాడు. ఆయన చర్చి మనిషే, దాచుకోలేదు కూడా.

ఇక జీతంలో పదో వంతు. అసలు మాట్లాడాల్సింది ఇక్కడే. మార్మన్లు తమ ఆదాయంలో పదో వంతు చర్చికి ఇస్తారు, అది వాళ్ళ సొంత జేబులోంచి. మనవాళ్ళకి తెలియంది వేరే ఉంది. మన దగ్గర ఇలాంటి పెద్ద పేర్లున్న హోటళ్ళలో చాలావాటికి భవనం ఒకరిది, గుమ్మం మీది పేరుబోర్డు ఇంకొకరిది. ట్యాంక్‌బండ్ మీద మారియట్ ఎవరిది? వైస్రాయ్ హోటల్స్‌ది. 1995లో ఎమ్మెల్యేల క్యాంపుతో ఇంటింటా మోగిన అదే వైస్రాయ్. మైండ్‌స్పేస్‌లోని వెస్టిన్ ఛాలెట్ హోటల్స్‌ది. బ్రాండు వాళ్ళది పేరు, పద్ధతులు, నిర్వహణ. పై మేనేజర్లని పక్కన పెడితే, కింది సిబ్బందికి జీతం సాధారణంగా భవనం ఓనరు కంపెనీయే ఇస్తుంది.

నా మొదటి పేస్లిప్పు ఇంకా గుర్తుంది. కోటు మీద ఒక విదేశీ పేరు, స్లిప్పు మీద నేనెన్నడూ వినని ప్రైవేట్ లిమిటెడ్ పేరు. పీఎఫ్, ప్రొఫెషనల్ టాక్స్, మెస్ కోత పోగా చేతికొచ్చిన అంకె చూసి రెండుసార్లు కూడుకున్నాను. చర్చి అనే వరుస లేదు. బ్యాంక్వెట్‌లో పెళ్ళి ముగిసేదాకా రాత్రి ఒంటిగంటవరకూ నిలబడ్డ రోజుల ఓవర్‌టైమ్ వరుస కూడా లేదు.

అక్కతో ఇవే చెప్పాను. మతం గురించి కాదు, ఇంటర్వ్యూలో నాలుగు అడగమన్నాను: ఆఫర్ లెటర్ ఏ కంపెనీ పేరు మీద ఇస్తారు, ట్రైనీ స్టైపెండ్ ఎంత, సర్వీస్ ఛార్జీలో వాటా ఉందా, నైట్ షిఫ్ట్ అయ్యాక ఇంటికి దింపే బండి ఉందా. వాడు అరచేతి మీద రాసుకున్నాడట. "చెమటకి పోతుందిరా, కాగితం మీద రాసుకో" అంది మా అక్క వెనకనుంచి.