రేటింగ్ పడితే పవర్ పోదు నాన్నా

పొద్దున్నే ఆరింటికి నాన్న వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. అమెరికా అధ్యక్షుడి అప్రూవల్ రేటింగ్ పడిపోయిందట. కింద ఒక ప్రశ్న: "ఇక ఆ లక్ష డాలర్ల ఫీజు ఎత్తేస్తారా?"

తమ్ముడికి హెచ్‌-1బీ, అంటే అమెరికా ఉద్యోగ వీసా, వేస్తానన్న కంపెనీ, 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ దాని మీద ఆ ఫీజు పెట్టగానే వెనక్కి తగ్గింది. వాడికి హైదరాబాద్‌లో మంచి ఆఫర్ ఉంది. ఇంకా సరేనని చెప్పలేదు. "ట్రంప్ పని అయిపోయింది" అన్న థంబ్‌నెయిల్స్ చూస్తూ ఆగాడు. అవి పెట్టేవాళ్ల మీద నాకు ఒళ్లు మండిపోతోంది.

ఈ రేటింగ్ కోసం గ్యాలప్ అనే సర్వే సంస్థ 1930ల చివరి నుంచి దశాబ్దాల పాటు అడిగింది ఒక్కటే. అధ్యక్షుడు పనిచేస్తున్న తీరు మీకు నచ్చిందా, లేదా? డాలస్‌లో ఉన్న మా అన్నయ్యకి ఒకసారి ఇలాంటి సర్వే ఫోన్ వస్తే "నాకు ఓటు లేదండీ" అని పెట్టేశాడట. నిజానికి చాలా సర్వేలు ఓటుందా అని చూడవు, అమెరికాలో ఉంటున్న పెద్దవాళ్లందరినీ అడుగుతాయి. ఇంకో సంగతి, ఆ అంకె నిలిచేదీ కాదు. 1991లో గల్ఫ్ యుద్ధం గెలిచాక తండ్రి బుష్‌కి 89 శాతం వచ్చింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో పడ్డ ఓట్లు 37 శాతం.

అక్కడ మన దగ్గరలా అవిశ్వాస తీర్మానం పెట్టి దింపడం కుదరదు. అధ్యక్షుడు నిక్సన్‌నే తీసుకోండి. 1972లో 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు. తర్వాత రేటింగ్ ఇరవైల్లోకి పడిపోయినా నెలల తరబడి కుర్చీలోనే ఉన్నాడు. వాటర్‌గేట్ కుంభకోణంలో ఆయన మాటలు రికార్డయిన టేపులు బయటపడ్డాక, 1974 ఆగస్టు 7న సెనేటర్ గోల్డ్‌వాటర్‌తో సహా సొంత పార్టీ పెద్దలు ముగ్గురు వెళ్లి, తొలగింపు ఆపడానికి సెనేట్‌లో మీకు ఓట్లు లేవని ముఖం మీదే చెప్పారు. మర్నాడే రాజీనామా ప్రకటించాడు. క్లింటన్‌ని 1998 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ అభిశంసించింది. సెనేట్‌లో తొలగించాలంటే 67 ఓట్లు కావాలి, 50 దాటలేదు. ఆ సెనేట్ ఓటింగ్‌లో ఆయన సొంత పార్టీ డెమోక్రాట్లలో ఒక్కరు కూడా ఎదురు తిరగలేదు.

అసలు కీలకం సొంత పార్టీ. కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడు ముందు ప్రైమరీ, అంటే పార్టీ టికెట్ కోసం జరిగే ఎన్నిక, గెలవాలి. అక్కడ ఓటేసేది ఎక్కువగా తన పార్టీవాళ్లే. మొదటి విడతలో గ్యాలప్ లెక్కల్లో ట్రంప్‌కి ఒక్కసారి కూడా 50 రాలేదు. కానీ సొంత పార్టీ రిపబ్లికన్లలో పదిమందికి దాదాపు తొమ్మిది మంది ఆయన వెంటే ఉన్నారు. ఇక ఏ సభ్యుడు నోరు విప్పుతాడు?

మా ఇంట్లోవాళ్లే మర్చిపోయిన విషయం ఇంకొకటుంది. ఒబామా పార్టీ 2010లో 63 సీట్లు, ప్రతినిధుల సభ పోగొట్టుకుంది. 2014లో సెనేట్ కూడా పోయింది. రేటింగ్ నలభైల్లో ఉంది. కాంగ్రెస్ ప్రత్యర్థి పార్టీ చేతిలో ఉన్న ఆ రోజుల్లోనే, 2015 మేలో, ఆయన ప్రభుత్వం నిబంధన మార్చి హెచ్‌-4 ఈఏడీ, అంటే కొందరు హెచ్‌-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాములకు పనిచేసే అనుమతి, తెచ్చింది. ఏళ్ల తరబడి ఇంట్లో ఉండిపోయిన మా వదిన దాంతోనే ఉద్యోగంలో చేరింది. మొదటి జీతం వచ్చిన రోజు అమ్మకి ఫోన్ చేసి ఏడ్చింది. కాంగ్రెస్‌తో పనిలేకుండా మేలు జరిగినట్టే కీడూ జరుగుతుంది. లక్ష డాలర్ల ఫీజు వచ్చిందీ అధ్యక్షుడి సంతకంతోనే.

ఇదంతా నాన్నకి ఫోన్‌లో చెప్పాను. ఫీజు మీద కోర్టుల్లో కేసులు పడ్డాయి, చూడాల్సింది వాటిని అన్నాను. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మరి తమ్ముడికి ఏం చెప్పమంటావ్?"

హైదరాబాద్ ఆఫర్‌కి ఈ రోజే సరేనని మెయిల్ పెట్టమన్నాను.