హంపి: రెండు స్తంభాల మధ్య ఒక ఇల్లు

విరూపాక్ష గుడి గోపురం దగ్గర నిలబడి తూర్పుకు చూస్తే ఎదురు బసవణ్ణ అనే పెద్ద రాతి నంది దాకా ముప్పావు కిలోమీటరు వీధి. రెండు వైపులా రాతి మండపాలు, అన్నీ ఖాళీ. పొద్దున్నే ఎనిమిదిమందిమి గైడు వెనక నడుస్తున్నాం. ఆయన ఒక మండపం ముందు ఆగాడు. ఏ రాజు కట్టించాడో చెబుతాడనుకున్నాం. రెండు స్తంభాల నడుమ జాగా చూపించి, "ఇది మా ఇల్లక్కా, నేను ఇక్కడే పుట్టాను" అన్నాడు. తలెత్తి చూస్తే కప్పురాతి మూలన నల్లటి మసి మరక కనిపించింది. వాళ్లమ్మ పొయ్యి ఉన్న చోటట అది.

అంతకు ముందు రెండుసార్లు హంపి వెళ్లాను, రెండుసార్లూ యాభైమంది పట్టే బస్సులోనే. మంత్రాలయం, హంపి, తుంగభద్ర డ్యామ్ చూసుకుని తిరుగు ప్రయాణం. విఠలాలయంలో మాకిచ్చిన సమయం నలభై ఐదు నిమిషాలు. అందులో సగం రాతిరథం ముందు ఫొటో కోసం వరసలో నిలబడటానికే పోయింది. అప్పుడూ గైడు ఉన్నాడు, మైకులో గట్టిగానే చెప్పాడు. కానీ యాభైమందికి మైకులో ఎవరూ "ఇది మా ఇల్లు" అని చెప్పరు. అలాంటి మాట మనిషి ముఖం చూసి చెప్పేది. చిన్న బృందంతో వెళ్లడమంటే ఖరీదైన యాత్రకు ఇంకో పేరని అనుకునేదాన్ని. ఆ మసి మరక చూశాక నా లెక్క మారింది. గుంపు చిన్నదైతే ఊరు నోరు విప్పుతుంది. అయితే ఊరు అక్కడ మిగిలి ఉంటేనే.

హంపికి ప్రపంచ వారసత్వ హోదా 1986లో వచ్చింది. తుంగభద్ర మీద వంతెనల నిర్మాణం వల్ల 1999లో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలోకి వెళ్లి, 2006లో బయటపడింది. నది అవతలి ఒడ్డున ఉన్న ఆనెగొంది దగ్గర సగంలో ఆగిన వంతెన పనులు మళ్లీ మొదలై, 2009లో అది కూలి కూలీలు చనిపోయారు. ఆ తర్వాత 2011 జూలైలో విరూపాక్ష గుడి ముందున్న ఆ వీధి, అంటే హంపి బజారు వంతు వచ్చింది. మండపాల్లో గోడలు కట్టుకుని కాపురాలు, కొట్లు, హోటళ్లు నడుపుకుంటున్న మూడు వందలకు పైగా కుటుంబాలను జేసీబీలు పెట్టి ఖాళీ చేయించారు. నాలుగు కిలోమీటర్ల దూరంలోని కడ్డిరాంపురంలో స్థలాలిస్తామన్నారు. ఆ స్థలాల కోసం చాలామంది ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 2020లో సుప్రీంకోర్టు తీర్పుతో నది అవతలి విరూపాపుర గడ్డెలోని రిసార్టులు కూడా పోయాయి.

బజారులో జరిగిందంతా మంచే అని నేననను. అయిదు వందల ఏళ్ల స్తంభాల నెత్తిన కాంక్రీటు మేడలు లేపినవాళ్లు ఉన్నారు. రాతికి మేకులు దిగ్గొట్టి బోర్డులు తగిలించారు. కట్టడాన్ని కాపాడాల్సిన శాఖ చూస్తూ ఊరుకోవాల్సిందని ఎవరం అనలేం. కానీ ఆ వీధిని కట్టిందే బజారు కోసం. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్ ఈ నగరాన్ని రోముతో పోల్చాడు. ఆయన రాతలు చదివితే సగం రాజసభా వైభవం, మిగతా సగం అంగళ్లు, సరుకులు, జనం. బజారును కాపాడటానికి బజారును ఖాళీ చేశాం. గోడలు తీసి, మేడలు దించి, మండపాల్లో పూలమ్మేవాళ్లనీ కుంకుమ అమ్మేవాళ్లనీ ఉండనిచ్చే దారి ఒకటి ఉండేది. అది ఓపికతో చేయాల్సిన పని. ఇంటింటికీ వెళ్లి, ఎవరు ఎంత కట్టారో చూసి, ఒక్కొక్కరితో మాట్లాడాలి. జేసీబీకి ఆ ఓపిక అక్కర్లేదు.

హంపి పాడుబడిన ఊరని మనం చదువుకున్న చరిత్ర పుస్తకాలు చెప్పాయి. 1565 యుద్ధం, ఆపై ఆరు నెలల దోపిడీ, ఆ తర్వాత శ్మశాన నిశ్శబ్దం. అక్కడ నాలుగు రోజులుంటే ఆ మాట అరకొర సత్యమని తెలుస్తుంది. విజయనగర కాలంలో తవ్విన తుర్తు కాలువ ఇప్పటికీ పారుతోంది. బడవి లింగం అనే పెద్ద శివలింగం చుట్టూ నిలిచి ఉండే నీళ్లు కాలువ నీళ్లే. రాజప్రాసాదాలకూ గుళ్లకూ మధ్య ఉన్న ఆ పల్లంలో ఇప్పుడు వరి, అరటి, చెరకు. యునెస్కో లెక్కన 41 చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలలో 1,600కు మించి కట్టడాల ఆనవాళ్లున్నాయి. వాటి మధ్యే కమలాపురం, కడ్డిరాంపురం, హంపి, ఆనెగొంది లాంటి ఊళ్లు కాపురం చేస్తున్నాయి. విరూపాక్షుడికి పూజ ఆగలేదు, ఏటా తేరు లాగుతున్నారు. రాళ్లను మాత్రమే వారసత్వమని లెక్కగట్టి, ఆ కాలువ మడవ కట్టే చేతిని ఆక్రమణదారుడిగా చూడటం దగ్గరే అసలు తప్పు మొదలైంది.

ఈసారి మా బస ఆనెగొందిలో. తలారిఘట్ట రేవు దగ్గర పుట్టి ఎక్కి నది దాటాం. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి బుట్ట, అడుగున తారు పూసిన ప్లాస్టిక్ పట్టా. పేస్ చూసినప్పుడు తోలు కప్పేవారట, అల్లిక మాత్రం అదే. పుట్టి నడిపే పెద్దాయన ఒకే తెడ్డుతో నీటిని తన వైపు లాక్కుంటున్నట్టు వేస్తాడు. నున్నటి బండల మధ్య ఎక్కడ సుడి ఉందో, ఏ నెలలో ఏ బండ మునుగుతుందో ఆయనకు తెలుసు. కుర్రాళ్లు బండ మీంచి నదిలోకి దూకబోతే కేకేసి ఆపాడు. ఆ నీళ్లలో దూకకూడదని పెట్టిన బోర్డు కన్నా ఆ కేక బాగా పనిచేసింది.

రాత్రి భోజనం పెట్టిన ఇంటావిడ జొన్న రొట్టె రెండు చేతుల మధ్య తడుతూ చక్కటి తెలుగులో మాట్లాడింది. యాసలో గోదావరి జాడ! అడిగితే నవ్వింది. "చిన్నప్పుడు నాట్లకు క్యాంపుకు పోయేదాన్నక్కా, అక్కడ నేర్చుకున్నా." 1953లో తుంగభద్ర డ్యామ్ కింద నీళ్లు వచ్చాక కోస్తా జిల్లాల నుంచి రైతులు వెళ్లి గంగావతి, సింధనూరు వైపు భూములు కొని ఊళ్లు కట్టుకున్నారు. వాటినే ఇప్పటికీ క్యాంపులంటారు. మనవాళ్ల మడిలో నాటు వేస్తూ కన్నడ ఇంటి పిల్ల తెలుగు నేర్చింది. వంకాయ ఎణ్ణెగాయి, వేరుశనగ పొడి వడ్డిస్తూ క్యాంపు కూలి రేట్లు ఎప్పుడు ఎంత ఉండేవో చెప్పింది. హంపికీ తెలుగుకూ సంబంధమంటే మనకు వెంటనే గుర్తొచ్చేది పెద్దన కనబడితే ఏనుగును ఆపి చేయందించిన రాయలు, ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథుడు పగలగొట్టించిన కంచు ఢక్క. నిన్నమొన్నటి ఈ సంబంధం ఏ టూరు కరపత్రంలోనూ లేదు. అది ఆవిడ వంటింట్లో ఉంది.

ఆనెగొందిలో చూసి తీరాల్సినది ఇంకొకటి, అరటి నార పని. గెల కోశాక పారేసే అరటి బోదెను పట్టలుగా చీల్చి ఎండబెడతారు. ఆ పట్టను సన్నగా చీల్చి, తడిపి, అరచేతుల మధ్య పురి పెట్టి తాడు చేస్తారు. ఆ తాడుతో బుట్టలు, సంచులు, చాపలు అల్లుతారు. 1997లో మొదలైన కిష్కింద ట్రస్టు ఊరి ఆడవాళ్లకు ఈ పనిని జీవనాధారంగా నిలబెట్టింది. నా ముందు కూర్చున్నావిడ ఒక్క మూర తాడుకు పెట్టిన పురులు లెక్కపెట్టబోయి మధ్యలో తప్పిపోయాను. బస్సులో వచ్చినవాళ్లు ఆ సంచీ ధర చూసి ఎక్కువంటారు. పక్కన అరగంట కూర్చున్నవాళ్లు ఆ మాటనలేరు.

ఇక్కడే నా అనుమానాలు కూడా చెప్పాలి. చిన్న బృందం అన్నంత మాత్రాన ఊరికి మేలు జరగదు. మనిషికి వేలకు వేలు తీసుకుని పదిమందిని తెచ్చి, బయటివాళ్ల లీజులో ఉన్న హోమ్‌స్టేలో దించి, బయటి నుంచి తెచ్చిన గైడుతో తిప్పి, ఊరివాళ్ల చేత ఒక సాయంత్రం పాట పాడించి వెళ్లిపోయే యాత్రలూ ఉన్నాయి. గుంపు తగ్గింది కాబట్టి చప్పుడు తగ్గింది, డబ్బు మాత్రం ఎప్పటిలాగే ఊరు దాటిపోయింది. ఇల్లు చూపించండి, పొయ్యి చూపించండి అని ముందే మాట్లాడుకుని జనాన్ని ఇళ్లలోకి తోలడం యాభైమంది బస్సు కన్నా నాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపిస్తుంది. బస్సు మనిషి కనీసం గుమ్మం దాటడు.

దీనికి చట్టం వైపు నుంచి కారణం ఉంది. వారసత్వ కట్టడాలున్న కోర్ జోన్‌లో కొత్తగా కట్టడానికి వీల్లేదు. ఉన్న ఇంటికి ఒక గది చేర్చాలన్నా అనుమతుల కోసం తిరగాలి. అలా తిరిగే స్తోమత లేని ఊరివాడు తన ఇంటిని లీజుకిస్తాడు, లేదా కాగితం లేకుండా నడుపుతాడు. కాగితం లేని చోట అతిథికి రక్షణ లేదు, ఆతిథ్యమిచ్చినవాళ్లకూ లేదు. 2025 మార్చిలో సనాపురం దగ్గర కాలువ గట్టున రాత్రిపూట పర్యాటకుల మీదా, వాళ్లతో ఉన్న ఆతిథ్యమిచ్చిన మహిళ మీదా జరిగిన ఘాతుకం మరిచిపోయేది కాదు. ఒక మనిషి ప్రాణం పోయింది. అలాంటిది జరిగిన ప్రతిసారీ హోమ్‌స్టేలు మూయించాలన్న మాటే ముందు వస్తుంది. మూస్తే కాగితం లేనివి ఇంకా చీకట్లోకి పోతాయి. ఊరివాళ్ల పేరు మీదే తేలిగ్గా లైసెన్సు ఇచ్చి, పోలీసు గస్తీ పెట్టి, పేర్లు నమోదు చేయిస్తే ఎవరు ఎక్కడున్నారో తెలుస్తుంది.

పరిమితి పెట్టడం సాధ్యమా అనేవాళ్లకు పెరూ ఉదాహరణ. మాచుపిచ్చు అనే ప్రాచీన నగరానికి నడిచి వెళ్లే 'ఇంకా ట్రెయిల్' కాలిబాటలో మూటలు మోసేవాళ్లతో కలిపి రోజుకు 500 మందికే అనుమతి, గైడు తప్పనిసరి. దానికంటే నాకు నచ్చింది 2001లో వాళ్లు తెచ్చిన కూలీల చట్టం. మోసే బరువు 20 కిలోలకు మించకూడదని, కనీస కూలి ఇవ్వాలని అందులో రాశారు. అమలులో లోపాలపై అక్కడి కూలీలు ఇప్పటికీ పోరాడుతున్నారు. అయినా వచ్చేవాళ్ల సంఖ్యతో పాటు పనిచేసేవాళ్ల హక్కును కూడా చట్టంలో రాయాలన్న ఆలోచన సరైనది. హంపిలో మొదటి సగం గురించే మాట్లాడతారు. వారసత్వ ప్రాంత నిర్వహణ సంస్థకు 2002 నాటి చట్టం ఉంది. టికెట్టుంది, నలభై రూపాయలు. ఆ డబ్బు పురావస్తు శాఖకు పోతుంది. పక్క ఊరి పంచాయతీకి అందులో నేరుగా వాటా లేదు. విఠలాలయానికి వెళ్లే బ్యాటరీ బండ్లు స్థానిక మహిళలు నడుపుతున్నారు, అది మంచి పని. అలాంటివి పది ఉండాలి.

2019లో కొందరు కుర్రాళ్లు ఒక గుడి స్తంభాన్ని తోసి పడేసిన వీడియో దేశమంతా తిరిగింది. కోర్టు ఒక్కొక్కరికి 70,000 రూపాయల జరిమానా వేసి, పడ్డ స్తంభాలను వాళ్ల చేతనే మళ్లీ నిలబెట్టించింది. కాపలా పెంచాలని అప్పుడు అందరూ రాశారు. ఇన్ని చదరపు కిలోమీటర్లకు ఎంతమందిని కాపలా పెడతాం? ఆ స్తంభం పక్కన తన కొట్టో పొలమో ఉన్న మనిషి ఉంటే, పుట్టి పెద్దాయన వేసినట్టు ఒక కేక వేసేవాడు.

ఇది చదివేవాళ్లలో చాలామంది వచ్చే శీతాకాలంలో హంపి వెళ్లేవాళ్లే. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం నుంచి శని ఆదివారాల్లో పోయేవాళ్లు వేలు. యాభై రూపాయల నోటు మీది రథాన్ని చూసి వస్తామంటే బస్సు చాలు. రాయలు మా రాయలంటూ గొప్పగా చెప్పుకునేవాళ్లం కనీసం మూడు రాత్రులు ఉండాలన్నది నా మాట. పదిమందికి మించకుండా వెళ్లండి. గదిని ఊరివాళ్ల దగ్గరే తీసుకోండి, అది ఎవరి పేరున ఉందో అడగండి. గైడును హంపిలోనో కమలాపురంలోనో మాట్లాడుకోండి, పూట లెక్కన కాదు, రెండు రోజులకు. పుట్టి కూలి బేరమాడకండి. పాలంపేటలో రామప్ప గుడికి 2021లో ఇదే ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. అక్కడ ఊరు ఇంకా ఊరుగానే ఉంది. హంపిలో ఏం జరిగిందో చూసి పాలంపేట వాళ్లతో ముందే కూర్చుని మాట్లాడాల్సిన బాధ్యత మన ప్రభుత్వానిది.

చివరి రోజు మా గైడు కడ్డిరాంపురంలోని తన ఇంటికి టీకి పిలిచాడు. రేకుల కప్పు, ముందు చిన్న పందిరి. పందిరి కింద గోడకు ఆనించి ఒక పాత టేకు తలుపు ఉంది, పసుపు రాసిన గుర్తులతో. బజారు ఇంటిదట. జేసీబీ వచ్చే ముందు రాత్రి తండ్రీ తనూ ఊడదీసి ఎడ్లబండి మీద తెచ్చుకున్నారు. ఆ రెండు స్తంభాల నడుమ జాగాకు కొలిచి చేయించిన తలుపు. ఈ ఇంటి గుమ్మానికి పెద్దదైంది.

"కోయించి పెట్టించొచ్చుగా" అన్నాం.

"నాన్న ఒప్పుకోలేదక్కా" అన్నాడు, టీ గ్లాసులు అందిస్తూ.